ఓనా అవ్వ అంగినా

ఓనా అవ్వ తుంటి ఆపరేషన్ ఆగిపోయింది. ఆ కబురు విన్నప్పటి నుంచి మాంతాస్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు.

లిథువేనియాలో ఒక పాత మఠం. దాన్ని ఆనుకుని పన్నెండు మంచాల ఆసుపత్రి. ఏటా వేసవిలో ఐర్లాండ్ నుంచి ఒక సర్జన్ వచ్చి, వారం రోజులుండి ఆపరేషన్లు చేసి వెళ్తుంది. ఆమెకు అక్కడి భాష రాదు. రోగుల కాగితాలు ఇంగ్లీషులోకి మార్చే పని ఈసారి మఠంలో కొత్తగా చేరిన మాంతాస్‌కు వచ్చింది. మందుల పేర్లతో, నోరు తిరగని జబ్బుల పేర్లతో నానా తంటాలు పడి నలభై పేజీలు రాశాడు.

"ఎవరికైనా ఒకసారి చూపించకూడదా?" అన్నారు గురువు ఫాదర్ స్తాసిస్.

"అక్కర్లేదు ఫాదర్. ఒక్క తప్పు కూడా ఉండదు" అన్నాడు.

ఇప్పుడు ఆయన ముందే నిలబడ్డాడు.

"అవ్వకు పోయిన చలికాలం నాలుగుసార్లు అంగినా వచ్చిందని ఉన్నదున్నట్టే రాశాను ఫాదర్. అది చూసి సర్జన్, మత్తిస్తే ప్రాణానికే ముప్పు, నేను చెయ్యనంటోంది. ఎప్పుడో తగ్గిపోయిన గొంతువాపుకు ఆపరేషన్ ఆపుతారా? ఎల్లుండి ఆవిడ వెళ్లిపోతుంది. రెండేళ్లుగా అవ్వ మంచం దిగలేదు."

ఫాదర్‌కు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. మాంతాస్ చేతిలో కాగితం తీసుకుని, నడవాలో వెళ్తున్న సర్జన్‌ను సైగ చేసి పిలిచి, అవ్వ మంచం దగ్గరికి తీసుకొచ్చారు. కాగితంలో ఆ మాట మీద వేలు పెట్టి ఇద్దరికీ చూపించారు. ఏ భాషలో చదివినా అవే అక్షరాలు. ఎక్కడ నొప్పి అన్నట్టు చెయ్యి తిప్పారు.

సర్జన్ తన ఎడమ రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుంది.

అవ్వ గొంతు పట్టుకుంది. "ఇక్కడే ఫాదర్. మంచినీళ్లు కూడా దిగేవి కావు" అని నోరు తెరిచి చూపించింది.

మాంతాస్ ఒకసారి ఆ చేతి వంక, ఒకసారి ఈ చేతి వంక చూశాడు. చెవులు వేడెక్కాయి. తమ భాషలో గొంతువాపు, ఆమె భాషలో గుండెనొప్పి. తడబడుతూనే ఆ సంగతి సర్జన్‌కు చెప్పాడు.

ఆమె టార్చి వేసి గొంతు చూసింది. చాలాసేపు గుండె విన్నది. ఈసీజీ తీయించి, కాగితం చివరిదాకా చూసింది. తర్వాత అవ్వ చెంప మీద తట్టి నవ్వింది.

"రేపు పొద్దున ఎనిమిదింటికి."

మాంతాస్ ఆ మాట అవ్వకు చెప్పబోయాడు. అప్పటికే ఆమెకు అర్థమైపోయింది. అతని చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

బయటికొచ్చాక మాంతాస్ తలెత్తలేదు. "నలభై పేజీల్లోనూ ఆ ఒక్క మాటే నిఘంటువులో చూడలేదు ఫాదర్. తెలిసిందే కదా అనుకున్నాను."

"తెలియని మాట దగ్గర నువ్వు ఎలాగూ ఆగుతావు నాయనా" అన్నారు ఫాదర్. "తెలిసినదాని దగ్గర కూడా కాస్త ఆగు."