పొరక లేని మూడు రోజులు

ఓబులేశు దగ్గర ఒక కాగితం ఉంది. సోమవారం మధ్యాహ్నానికి అది సంతకంతో పైఆఫీసుకు చేరాలి. అందులో తేల్చవలసింది ఒక్కటే. గుండ్లమడుగు బడిని బాగుచేయాలా, పడగొట్టి కొత్తది కట్టాలా.

ఓబులేశు ఇంజనీరు. ఇరవై రెండేళ్ళ నౌకరీలో ఎన్నో కాగితాల మీద సంతకాలు చేశాడు. ఈ కాగితాన్ని మాత్రం వారంరోజులుగా సంచిలోంచి తీయడం, చూడడం, మళ్ళీ సంచిలో పెట్టడం.

బడి పాతది. సున్నంతో కట్టిన రాతిగోడలు, టేకు దూలాలు, పైన మిద్దె కప్పు. మూడు గదులు, ముందు వసారా. వసారా గోడకు పైనుంచి కిందిదాకా ఒక పగులు. అందులో వేళ్ళు దూరతాయి. ఊరికి ఏ అధికారి వచ్చినా ముందు ఆ పగులు దగ్గరికే నడిపిస్తారు.

వెనక పెరట్లో విడిగా ఇంకో గది ఉంది. సిమెంటు కప్పు గది. ఓబులేశు ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజూ దగ్గర నిలబడి కట్టించింది. కట్టి ఇరవై ఏళ్ళు దాటినా ఊళ్ళో అందరికీ అది కొత్త గదే. గుమ్మం పక్కన రాతి పలకమీద పెద్దల పేర్ల కింద, చివరి వరుసలో, అతని పేరు కూడా చెక్కారు. అటుగా వెళ్ళినప్పుడల్లా అతని చూపు ఒకసారి ఆ వరుస మీదికి పోయి వచ్చేది.

గ్రామసభ పెడితే ఊరు రెండుగా చీలింది. ఆ బడికి రాళ్ళు మోసింది తమ తండ్రులని, గోడమీద చెయ్యి పడితే ఊరుకోమని పెద్దవాళ్ళు. పొద్దున బడికి పంపిన పిల్లలు సాయంత్రం ఇంటికి వచ్చేదాకా నమ్మకం లేదని చిన్న వయసు తల్లిదండ్రులు.

"మీ నాయన రాళ్ళు మోసినాడని మా పిల్లోళ్ళ నెత్తిన రాళ్ళేస్తావా పెద్దాయనా?" అని ఒకామె నిలదీసింది.

"కొత్తది కొత్తది అంటారు. మొన్న కట్టిన బస్సు షెల్టరు చూస్తిరి గదా. వానొస్తే దాంట్లో మేకలు కూడా నిలబడవు," అన్నాడు పెద్దాయన.

కుర్చీలు లేచాయి. సర్పంచి బాలనాగన్న మధ్యలో పడి ఆపాడు.

ఒక్క విషయంలో మాత్రం రెండు పక్షాలూ తలూపాయి. ఏ పని మొదలుపెట్టినా ఏడాది పడుతుంది. అంతవరకు పిల్లల్ని రెండు పూటలుగా చేసి, పెరట్లోని కొత్త గదిలో కూర్చోబెట్టాలి. మొత్తం నూటపన్నెండు మంది. పెద్ద పంతులమ్మ సుగుణమ్మ ఆ మాట అడిగితే ఎవరూ కాదనలేదు. ఓబులేశు ఆ ఒక్క వాక్యమూ అప్పుడే కాగితం మీద రాసుకున్నాడు.

*

ఓబులేశుకు ఒక గురువున్నాడు. పేరు నాగలింగయ్య. చిన్నప్పటినుంచి సున్నపు గానుగ దగ్గర పనిచేసి, ముసలితనంలో పక్క ఊరి బయట పాక వేసుకుని ఉంటున్నాడు. అందరూ స్వామి అంటారు. ఎవరైనా వస్తే నాలుగు మాటలు చెబుతాడు. రాకపోతే బీరపాదుల పని చూసుకుంటాడు.

శుక్రవారం పొద్దున ఓబులేశు ఆ పాకకు వెళ్ళి గంటసేపు జరిగిందంతా చెప్పాడు. నాగలింగయ్య పందిరికి పురికొస కట్టుకుంటూ విన్నాడు.

"నీకు భయం ఎక్కడ?" అని అడిగాడు.

"పడగొట్టమని రాస్తే పెద్దవాళ్ళ ఉసురు తగులుతుంది. బాగుచేయమని రాసినాక, రేపు ఒక రాయి జారి ఏ బిడ్డమీదనన్నా పడితే..."



"బాగా చూసినావా?"

"మూడుసార్లు కొలిచినాను స్వామీ. ఏ గోడనూ వదల్లేదు."

నాగలింగయ్య తువ్వాలు భుజాన వేసుకుని, కర్ర తీసుకున్నాడు. "పద," అన్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి బడిలో పిల్లల మధ్యాహ్న భోజనాలు అయిపోయాయి. స్వామి వచ్చాడని నలుగురు చేరి పగులు చూపించడానికి ముందుకు నడిచారు. ఆయన పగులు వైపు వెళ్ళలేదు. తలెత్తి కప్పు చూడలేదు. వసారా ఊడుస్తున్న ఆయా కాశెమ్మ దగ్గరికి పోయి చెయ్యి చాపాడు. ఏమనుకుందో ఏమో, ఆమె పొరక ఇచ్చింది. ఆయన దాన్ని చంకలో పెట్టుకున్నాడు. గదిలో మూలన ఇంకొకటి ఉందా అని అడిగి, దాన్నీ తెప్పించుకున్నాడు.

"సోమవారం పొద్దున తెచ్చిస్తా. అందాకా ఈ బడిలో ఏ గదీ ఊడ్వొద్దు."

కాశెమ్మ ముఖం మారిపోయింది. శుక్రవారం పూట పొరకను గడప దాటించడం ఆ ఊళ్ళో ఎవరూ చేయరు. లక్ష్మి ఇంట్లోంచి లేచి వెళ్ళిపోతుందంటారు. ఆమె ఆ మాటే గొణిగింది. సుగుణమ్మ టీచరు, తమది చుట్టుపక్కల పరిశుభ్రమైన బడిగా పేరు తెచ్చుకుందని, ఆరేళ్ళుగా గంట కొట్టకముందే ప్రతి గదీ ఊడ్చి ఉంచుతున్నామని మర్యాదగానే చెప్పింది.

ఓబులేశుకు అందరి ముందు తల కొట్టేసినట్టయింది.

"ఊడ్వకపోతే ఏమొస్తుంది స్వామీ?" అన్నాడు మెల్లగా.

"ఊడిస్తే ఏం పోతాందో నాకూ తెలీదు," అని నాగలింగయ్య నడిచి వెళ్ళిపోయాడు.

*

శనివారానికి బడి చూడలేకుండా అయింది. పల్లీ పొట్టు, పెన్సిలు చెక్కులు, ఎండిన మెతుకులు, చిన్నచిన్న మట్టి పాదాలు. పిల్లలు మాత్రం సంతోషంగా ఉన్నారు. సుగుణమ్మ ముక్కుమీద కొంగు తీయలేదు.

బాలనాగన్న వచ్చి వసారాలో నిలబడి అటూ ఇటూ చూశాడు. "ఇంజనీరు సారును తేల్చమంటే సామిని తెచ్చినాడు. సామిని తేల్చమంటే పొరక ఎత్తుకపోయినాడు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఓబులేశు నవ్వలేకపోయాడు.

పైఅధికారి రెండుసార్లు ఫోను చేశాడు. ఏదో ఒకటి రాసి పంపవయ్యా, ఇందులో అంత ఆలోచించేదేముంది అని విసుక్కున్నాడు. సాయంత్రం ఓబులేశు ఇంటికి వచ్చి, కాగితం మీద పెన్సిలుతో 'పడగొట్టవలెను' అని రాశాడు. మీదుగా సిరాతో దిద్దడమే తరువాయి. పెన్ను తీశాడు. గురువు సోమవారం పొద్దున అన్నాడు కదా అని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. మూడు గంటలపాటు ఒకటే వాన. ఓబులేశుకు అన్నం దిగలేదు. పాత మిద్దె కూలిందన్న కబురు కోసమే చెవులు ఎదురుచూస్తున్నట్టు ఉంది. సెలవురోజు, లోపల పిల్లలు లేరు అని తనకు తానే చెప్పుకున్నాడు. రేపు ఉంటారు అని వెంటనే గుర్తొచ్చింది.

సోమవారం ఏడింటికే బడి దగ్గర ఉన్నాడు. కాశెమ్మ తాళాలు తీసింది.

పాత గదులు నిలబడే ఉన్నాయి. మొదటి గదిలో శనివారంనాటి పల్లీ పొట్టు, చెక్కులు పడినవి పడినట్టే ఉన్నాయి. వాటిమీద కొత్తగా రాలింది ఏమీ లేదు. రెండో గదీ అంతే. మూడోదాంట్లో ఒక మూల నేల తడిసింది, దూలం చివర కింద దోసెడు సున్నం రాలి ఉంది.

వసారాలోకి వచ్చి పెద్ద పగులు కింద కూర్చుని వెతికాడు. ఇసుక రేణువు కూడా లేదు. పగులు లోపల తాళంచెవితో గీకాడు. పొర కింద పొర, ఏ కాలం నాటివో వెల్లలు, అన్నీ గట్టిగా ఉన్నాయి. పగులుకు అడ్డంగా అల్లిన పాత సాలెగూడు ఎక్కడా తెగలేదు. ఎప్పుడో తాతల కాలంలో కదిలిన గోడ, ఆ తర్వాత ఇక కదల్లేదు.

ఓబులేశు గుండెల్లో బరువు దిగింది. బాగుచేయవచ్చు. కూర్చుని రాసుకుందామని, బల్ల ఉంటుందని, పెరట్లో తన గదికి వెళ్ళాడు.

తలుపు తీసి, గడపమీదే ఆగిపోయాడు.

గది నడుమ, ఈ గోడనుంచి ఆ గోడదాకా, శనివారంనాటి చెత్త మీదుగా నేలమీద ఒక గీత ఉంది. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా. దానికి మూరెడు దూరంలో ఇంకొకటి. వంగి వేలితో తాకాడు. బూడిదరంగు పెచ్చులు, మధ్యమధ్యలో ఎర్రటి పొడి. పెచ్చు ఒకటి తిరగేస్తే, దాని వెనక తుప్పు అంటుకుని ఉంది.

తలెత్తాడు. కప్పు తెల్లగా ఉంది. ఏటా పంద్రాగస్టుకు ముందు వెల్ల వేస్తారు. ఆ తెలుపు కింద ఇనుపకడ్డీ ఎక్కడెక్కడ పోతున్నదో అక్కడల్లా సన్నగా ఉబ్బి ఉంది. బెంచీ ఎక్కి పిడికిలితో తట్టాడు. డొల్ల శబ్దం. రెండడుగులు జరిగి తట్టాడు. అక్కడా డొల్లే.

నూటపన్నెండు మంది. రెండు పూటలు. ఏడాది.

బెంచీ దిగాడు. కాశెమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇది ఎన్నాళ్ళనుంచి రాలుతోంది?"

"నాలుగైదేండ్లాయె సారూ. దినామూ రాలుతాది. పిల్లోళ్ళు వచ్చేలోగా ఊడ్చేస్తా."

"ఎవరికన్నా చెప్పినావా?"



"ఇది మీరు కట్టిన రూము గదా సారూ," అంది.

*

ఎనిమిదిన్నరకు నాగలింగయ్య వచ్చాడు, చంకలో రెండు పొరకలతో. దారిలో అప్పుడే బాలనాగన్న, ఆయన వెనక రెండు పక్షాలవాళ్ళూ బడివైపు నడిచి వస్తున్నారు. పిల్లల గొంతులు కూడా వినిపిస్తున్నాయి.

గురువు గడప దగ్గర నిలబడి నేలమీది గీతలు చూశాడు. పైకి చూడలేదు. గుమ్మం పక్కన పలక కూడా చూడలేదు. ఒక పొరక తీసి ఓబులేశు చేతిలో పెట్టాడు.

"వాళ్ళింకా మలుపు దగ్గరే ఉన్నారు," అన్నాడు.

ఓబులేశు పొరక పట్టుకుని నిలబడ్డాడు. నాలుగు విసుర్లు చాలు. గది మళ్ళీ తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. పిల్లల్ని వేరేచోట కూర్చోబెట్టడానికి ఏదో సాకు దొరక్కపోదు. ఎండకు ఉక్క అనో, స్థలం చాలదనో. పలక మీద ఆఖరి వరుస ఎవరూ చదవరు. బాలనాగన్న నవ్వు దగ్గరపడుతోంది.

అతను పొరకను బయట గోడకు ఆనించాడు. రెండు తలుపులూ బార్లా తెరిచి, గడపకు అడ్డంగా కూర్చున్నాడు.

జనం వచ్చారు. పిల్లలెవరినీ లోపలికి పోనివ్వలేదు. పెద్దవాళ్ళను ఒక్కొక్కరినీ గడప దగ్గరికి పిలిచి, నేల చూపించాడు, కప్పు చూపించాడు. సభలో పెద్దాయన్ను నిలదీసినామె తన బిడ్డ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అయితే ఏం రాస్తావు సారూ?" అన్నాడు బాలనాగన్న. ఈసారి నవ్వలేదు.

"పాతది బాగుచేయాలి. మూడో గదికి దూలం మార్చాలి, అందాకా దాంట్లో ఎవరూ కూర్చోవద్దు. మిగతా రెండూ ఇంకోసారి పరీక్ష చేయిస్తా. పడగొట్టాల్సింది ఇది," అన్నాడు ఓబులేశు. మళ్ళీ అన్నాడు. "ఇది నేను కట్టించింది."

కాశెమ్మ గోడకు ఆనించిన పొరక తీసుకుని, ఇక ఊడ్వొచ్చునా అన్నట్టు నాగలింగయ్య వైపు చూసింది. ఆయన ఓబులేశు వైపు చూశాడు.

"ఒక్క నిమిషం ఆగమ్మా," అన్నాడు ఓబులేశు.

లోపలికి వెళ్ళి, మోకాళ్ళమీద కూర్చుని, గీత మీదినుంచి పిడికెడు ఎర్రటి పొడి ఎత్తాడు. పెన్సిలుతో 'పడగొట్టవలెను' అని రాసుకున్న పాత కాగితం ఇక పైఆఫీసుకు పోదు. అందులోనే ఆ పొడిని పొట్లం కట్టి, పెన్ను ఉన్న జేబులో పెట్టుకున్నాడు.