పేరమ్మ చేతులు

నొసట వ్రాత వ్రాసి, ఆ వ్రాతతోపాటు మనిషికి రెండు చేతులను కూడ ప్రసాదించిన విధాతకు నమస్కరించి, మంత్రసాని పేరమ్మ కథ చెప్పుచున్నాను.

వీరకేతనుడేలు కోటలో రాహుకాలమున కోటవాకిలి తలుపు తీయరాదని రాజాజ్ఞ. ఒకనాడు కోటలోని అత్తవారింట పేరమ్మ కూతురు పురిటినొప్పులు పడుచుండగా, పేరమ్మ వెలుపల నిలిచి తలుపు బాదుచునే యుండెను. గడియ తీయునప్పటికి కూతురు కన్నుమూసినది.

"అది నొసటి వ్రాత. నీవు వచ్చినను నీ చేతులేమి చేసెడివి?" అనెను రాజు.

ఏడాది తిరుగునప్పటికి రాణి కడుపులో బిడ్డ అడ్డము తిరిగినది. అదియు రాహుకాలమే. అయినను రాజు తానే తలుపు తీయించి ఎదురువచ్చెను. పేరమ్మ చేతులు కొంగులో చుట్టుకొని గడప వెలుపలనే నిలిచినది.

"రావమ్మా, ఆలస్యమైతే రాణి దక్కదు!"

"రాసిపెట్టి ఉంటే దక్కుతుంది దొరా. నా చేతులేం చేస్తాయి?"

"అట్లనకు తల్లీ! ఆమెను బ్రతికించవలసినవి నీ చేతులే!"

"ఆనాడూ ఇవే చేతులు, దొరా."

రాజు తల వంచుకొనెను. ఆమె అప్పటికే కొంగు విప్పి లోనికి నడచినది.

తల్లీబిడ్డలు దక్కిరి. ఆ సాయంకాలమే రాజు గడియను పెరికించెను. పేరమ్మ తిరిగి పోవుచు, తాను బాదిన చోట తలుపును ఒక్కమారు నిమిరి, "ఏడాది ఆలస్యమైంది బిడ్డా" అని గొణుగుకొన్నది.

ఈ కథ వినినవారికెల్ల ఆపదవేళ తలుపు తెరచియుండుగాక!