చిలక కొరికిన పండు, నక్క రాసిన బోర్డు

కొండ వాలులో ఎలుగుబంట్ల జామతోట ఒకటి ఉంది. తోట అని నేనంటున్నాను గానీ నక్క నాగభూషణం వింటే ఊరుకోడు. ఆయన మేనేజరుగా చేరిన రెండేళ్లలో అది 'తోటానుభవ కేంద్రం' అయింది. గేటు వచ్చింది, గేటుకు టికెట్టు వచ్చింది, టికెట్టు కొన్నవాళ్ల ముంజేతికి కట్టడానికి పచ్చ పట్టీ వచ్చింది. జామచెట్లు మాత్రం పాతవే.

కార్తీక మాసం, ఆదివారం. వనభోజనాలకు వచ్చిన జనంతో గేటు దగ్గర తోపులాటగా ఉంది. ఆ వరసలో ముసలి ఎద్దు గంగయ్య కూడా నిలబడ్డాడు. పడుచుతనంలో మోట లాగి ఈ చెట్లన్నిటికీ నీళ్లు పెట్టింది ఆయనే. ఏటా ఓసారి వచ్చి, చిలక కొరికిన జామపండు ఒకటి తిని, పాత చెట్టు కింద కాసేపు నెమరేసుకుని వెళ్లేవాడు; ఈ రెండేళ్లూ మాత్రం రాలేకపోయాడు. చిలక కొరికిన పండు తీపి సంగతి మీకు నేను చెప్పాలా?

"తాతగారూ, ఏ ప్యాకేజీ?" అన్నాడు నక్క.

"ప్యాకేజీ ఏంటి బాబూ? ఓ పండు తిని పోతా."

"ఉత్త పండేం బాగుంటుంది! మోట లాగే అనుభవం తీసుకోండి. పట్నం వాళ్లు ఎగబడుతున్నారు. అరగంట లాగనిస్తాం, ఫొటో కూడా తీస్తాం."

"ఆ అనుభవం నాకు పన్నెండేళ్లు ఊరికే ఇచ్చారులే," అన్నాడు గంగయ్య, ముంగాలు చాపి పట్టీ కట్టించుకుంటూ.

లోపలికి వెళ్లి చూస్తే చెట్లన్నిటి మీదా నల్ల వలలు. కాయలు ముందే కోసేసిన ఒక్క పాత చెట్టుకే వల లేదు. దాని తొర్రలోంచి చిలక చుక్కమ్మ తొంగి చూసింది. ఎప్పుడూ గలగలలాడే మనిషి, ఇవాళ తొర్ర దాటి బయటికి రాలేదు.

"వచ్చావా మావా? ఆఖరి చూపు చూసుకో. రేపు పొద్దున్నే ఈ చెట్టు కొట్టేస్తున్నారు."

"ఎందుకే?"

"ఇక్కడ సిమెంటు జామపండు కడతారంట. ఏనుగంత. దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారంట."

గంగయ్య నెమరు ఆగిపోయింది. "జామచెట్టు కొట్టి జామపండు కడతారా?"

"మా అమ్మ ఈ తొర్రలోనే పుట్టింది. నేనూ ఇక్కడే పుట్టాను. నా పిల్లలకు రెక్కలొచ్చిందీ ఇక్కడే. మల్లమ్మక్కకి చెప్పుకుంటే, మేనేజరు గారిని అడగమంది. మేనేజరు గారేమో చిలకలు తోటకి నష్టం అన్నాడు. కొరికిన కాయని పట్నం షాపువాడు తీసుకోడంట. అందుకే ఈ వలలు."

మల్లమ్మ అంటే ఈ తోట ఆసామి, ఎలుగుబంటి. తండ్రి నాటిన చెట్లు. మంచిదే, కానీ లెక్కగా మాట్లాడేవాళ్లంటే దానికి మహా భయం. నక్క నోరు తెరిస్తే అది తల ఊపేది.

గంగయ్య చెట్టు దగ్గర్నుంచి కదిలాడు. ఏం చేయాలో తోచక నాలుగడుగులు వేశాడు. ఎదురుగా ఒక దుకాణం, దానిమీద రంగురంగుల బోర్డు: 'చిలక తోటంతా వెతికి, కొమ్మమీదే కొరికిన జామపండ్లు. మా ప్రత్యేకత!'

చిలకలు రాకుండా వలలు కట్టిన తోటలో చిలక కొరికిన పండ్లు! గంగయ్య ఒకటి తీసుకుని వాసన చూశాడు. పచ్చి కాయ. గాటు చూశాడు. చిలక ముక్కు గాటు కాదది, రెండు సన్నటి పళ్ల గాటు. దుకాణం వెనక గదిలోకి చెవి పెట్టాడు. కరకరమని ఎలుకలు జీతానికి కొరుకుతున్నాయి.

ఎద్దుకి ఆలోచన ఆలస్యంగా వస్తుంది. వచ్చిందంటే మాత్రం తిన్నగా వస్తుంది. దుకాణం ముందు పట్నం కోతుల కుటుంబం ఒకటి బేరమాడుతోంది. గంగయ్య అమాయకంగా గొంతెత్తాడు.

"మేనేజరు బాబూ! ఇంత మంచి పండు కొరికిన చిలకను ఓసారి చూపించవూ?"

"అవునవును! కొరుకుతుంటే చూడాలి!" అంది కోతి పిల్ల. దాని తండ్రి అప్పుడే ఫోను పైకెత్తాడు. చుట్టూ జనం మూగారు. గోల విని మల్లమ్మ కూడా వచ్చింది.

నక్క వెంటనే నవ్వు పులుముకున్నాడు. "ఎందుకు చూపించను? మా ఆస్థాన చిలక ఆ చెట్టు మీదే ఉంటుంది. చుక్కమ్మగారూ, ఒకసారి దయచేయండి!"

నిన్నటిదాకా 'ఛీ, ఫో' అన్న నోటితోనే 'గారూ' అనేసరికి చుక్కమ్మకి సంగతి అర్థమైంది. ఎగిరొచ్చి బోర్డు మీద వాలింది. నక్క ఒక కాయ అందించాడు.

"కోసిన కాయ నేను ముట్టను. కొమ్మమీదే అని రాశారు కదా," అంది.

"సరే, ఈ దుకాణం పక్క చెట్టుకు వల తీయిస్తాను."

"ఒక్క చెట్టేనా? తోటంతా వెతికి అని కూడా రాశారు."

"తీయవయ్యా, తీయి!" అన్నారు జనం. నక్క మల్లమ్మ వైపు చూశాడు, మల్లమ్మ నక్క వైపు చూసింది. సాయంత్రం మళ్లీ కట్టించుకోవచ్చులే అనుకుని నక్క అన్ని వలలూ విప్పించాడు.

"ఇంకొక్క మాట," అంది చుక్కమ్మ. "రేపు నా చెట్టు కొట్టేస్తారంట. ఇల్లు పోయే బెంగలో ఉన్నదాన్ని, నాకు పండేదో కాయేదో ఎట్లా తెలుస్తుంది?"

"ఆస్థాన చిలక ఉండే చెట్టు కొట్టేస్తారా!" కోతి తండ్రి ఫోను మల్లమ్మ వైపు తిప్పాడు. మల్లమ్మ ముఖం ఎర్రబడింది. మేనేజరు సైగ చేస్తున్నా చూడకుండా, "మా నాన్న నాటిన మొదటి మొక్క అది. కొట్టనివ్వను," అంది. రెండేళ్లలో సొంతంగా ఆమె అన్న మొదటి మాట అదే.

చుక్కమ్మ మెడ సాచి ఒక్క కూత పెట్టింది. కొండ అవతల్నుంచి అన్నలు, వదినలు, మేనత్తలు, వాళ్ల పిల్లలు మొత్తం బలగం దిగింది. రెండేళ్ల ఆకలి మీద ఉన్నారు పాపం. పండిన ప్రతి కాయకూ ఒక గాటు పడింది.

"ఆపండి! కాయలన్నీ పాడుచేస్తున్నారు!" అని నక్క గంతులు వేశాడు.

"పాడేంటయ్యా? అన్నీ నీ ప్రత్యేకతలే కదా!" అన్నాడు కోతి తండ్రి చెట్టెక్కుతూ. చేతి పట్టీ ఉన్నవాళ్లంతా కోసుకుని తిన్నారు. మల్లమ్మ ఒక పండు తీసి గంగయ్యకిచ్చి, తానూ ఒకటి కొరికింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ రుచి మర్చిపోయానన్నా," అంది.

సాయంత్రం పట్నం నుంచి సరుకు లారీతో గాడిద వచ్చాడు. మచ్చలేని కాయలు కావాలి అతనికి. చెట్ల మీద ఒక్క గాటులేని పండు లేదు. దుకాణంలో బుట్టలు మాత్రం నిండుగా ఉన్నాయి.

"ఇవి చిలక కొరికినవి, మాకొద్దు," అన్నాడు గాడిద.

నక్క అతని చెవిలో గుసగుసలాడాడు. "బోర్డు చూసి భయపడకండి. ఇవి చిలకలు ముట్టనే లేదు, ఒట్టు! మా ఎలుకలు కొరికాయి."

గాడిదకు గుసగుస అలవాటు లేదు. "ఎలుకలు కొరికాయా!" అని తోట మార్మోగేలా అరిచాడు. ఇంకా ఇళ్లకు వెళ్లని జనమంతా దుకాణం వైపు తిరిగారు. మల్లమ్మ అందరికంటే ముందు వచ్చింది.

నాగభూషణం అదే గేటు గుండా బయటికి వెళ్లాడు. వెళ్లడానికి టికెట్టు అక్కర్లేదు కాబట్టి త్వరగానే వెళ్లాడు.

నీతి: అబద్ధాన్ని బోర్డు మీద రాసేవాడు, ఎవరైనా దాన్ని నిజం చేసి చూపిస్తే తన గతేమిటో కూడా ముందే ఆలోచించుకోవాలి.