సూరమ్మ పాతిన ఉన్నికుచ్చులు

దగ్గరికి జరిగి కూర్చోండి తల్లీ, ఇది చలికథ! ఆ పరమాత్ముడు భూమికి ఉత్తరపు కొసన సముద్రాన్నే గడ్డకట్టించి పరిచాడు. దాని ఒడ్డున ఎండ తగిలే వాలు ఒక్కటే ఉంది. నాచు మొలిచేదీ అక్కడే, నక్కలకు బొరియ తవ్వడానికి నేల మెత్తబడేదీ అక్కడే. అందుకని ఉన్నిబర్రెలకూ నక్కలకూ ఏటా జగడం.

విని విని విసిగిన, ఆ ఒడ్డుకు పెద్దయిన వాల్రస్ తాత కోరలు ఆడించి తేల్చేశాడు.

"మంచు నడిమధ్యన నీలిమంచు స్తంభం ఉందట. ఇంతవరకూ చూసి వచ్చినవాళ్ళు లేరు. దాని ముక్క తెచ్చి ముందుగా నా ముందు పెట్టినవాళ్ళదే వాలు."

నక్కల తరఫున చిటికయ్య బయల్దేరాడు. బర్రెల తరఫున సూరమ్మ. ఆమెకు అడుగడుగునా గుబులే. వెనక మందలో పాలు తాగే దూడలు ఎనిమిది. నాచు దక్కకపోతే వాటికి ఈ శీతాకాలం గడవదు.

వంద అడుగులకోసారి ఆగేది. గిట్టతో తట్టి, మంచు గట్టిదనిపిస్తే "గోవిందా, గోవిందా, గోవిందా" అని మూడుసార్లు అదిమి తొక్కేది. అక్కడ తన ఉన్నికుచ్చు ఒకటి పీకి పాతేది, తిరుగుదారి గుర్తుకి.

"అక్కా, పేరంటానికి వెళ్తున్నావా, పందేనికా?" అని పక్కనుంచి దూసుకుపోయాడు చిటికయ్య.

"నాకు భయంరా తమ్ముడూ. నా బరువుకి ఇది విరిగితే?"

"నువ్వు భయపడుతూ ఉండు, నేను గెలుస్తూ ఉంటా!"

సూరమ్మ ఇంకా దారిలోనే ఉంది, చిటికయ్య నీలిముక్క కరుచుకుని ఎదురొచ్చాడు. నోరు ఖాళీ లేదు కాబట్టి తోక ఊపి వెక్కిరించి పోయాడు. సూరమ్మ అడుగు ఆగింది. వెనక్కి తిరిగేద్దామా? దూడలు కళ్ళముందు మెదిలాయి. "స్వామీ, కొసదాకా వెళ్ళనీ" అనుకుని వెళ్ళింది. స్తంభం దగ్గర కొమ్ముతో ముక్క విరిచి, మెడ కింది ఉన్నిలో ఇరికించుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు గాలి లేచింది. పొగలా మంచు కమ్మేసింది. ముందు ఒక కుచ్చు కనబడింది. హమ్మయ్య అనుకుంటూనే, అలవాటు కొద్దీ గిట్టతో తట్టింది.

డొల్ల చప్పుడు!

తను తొక్కిన చోటు కాదిది. వెనక్కి జరిగి, మెల్లగా చుట్టూ తడిమింది. కుడివైపు, ముప్పై అడుగుల దూరాన, మూడు గిట్టల అచ్చు రాయిలా తగిలింది. కుచ్చు లేదు, తొక్కిన చోటు మాత్రం ఉంది. మరుసటి కుచ్చూ అంతే. ఎవరో పీకి, పలుచటి మంచు మీద పాతారు.

అంతలో ఏడుపు.

"అక్కా! సూరమ్మక్కా!"

బల్లంత మంచుపలక మీద చిటికయ్య. చుట్టూ పగుళ్ళు, పగుళ్ళలో నల్లటి నీళ్ళు. నీలిముక్క కాళ్ళ మధ్య పెట్టుకుని వణుకుతున్నాడు.

"ఇక్కడికెలా వచ్చావురా?"

"నా అడుగులు గాలికి చెరిగిపోయాయి. నీ కుచ్చులు పట్టుకుని వచ్చా."

"అవి మార్చింది నువ్వేగా?"

"వెళ్ళేటప్పుడు, నిన్ను దాటకముందు, నీ వెనకాలే వస్తూ మార్చా. ఏవి నువ్వు పాతినవో, ఏవి నేను మార్చినవో ఇప్పుడు గుర్తులేదక్కా!"

సూరమ్మ కోపంతో బుస్సుమంది. పలక మెల్లగా దూరం జరుగుతోంది. ఒక్క క్షణం ఆగింది, భగవంతుడు చూస్తున్నాడు మరి. వెనక్కి తిరిగి, తన పొడవాటి ఉన్ని అటు వేలాడేసింది.

"దూకి, పళ్ళతో పట్టుకో. ఒడ్డు చేరేదాకా వదలకు."

"మరి నా నీలిముక్క?"

"నీకున్నది ఒకటే నోరు. అదో, ఇదో చూసుకో."

చిటికయ్య ముక్క వంక చూశాడు, నీళ్ళ వంక చూశాడు. ఉన్ని కరిచాడు.

తట్టుకుంటూ, తొక్కిన అచ్చులు వెతుక్కుంటూ సూరమ్మ ఒడ్డెక్కింది. మెడ విదిలిస్తే నీలిముక్క తాత ముందు పడింది. దూడలు పరుగెత్తుకొచ్చాయి.

"ఏరా చిటికయ్యా, స్తంభం దగ్గరికి ముందు చేరింది నువ్వేనని మీ అక్క చెప్పిందే? ఏదీ ముక్క?" అన్నాడు తాత.

ఒడ్డు చేరినా చిటికయ్య దవడలు విడలేదు, నోటినిండా సూరమ్మ ఉన్నే.

విన్నారుగా తల్లీ: ఎదుటివాళ్ళ దారి చెరిపేముందు, మనమూ ఆ దారినే తిరిగి రావాలని గుర్తుంచుకోవాలి.