పొగ లేని పాలెం

ఒకానొక సముద్రతీర రాజ్యంలో, మాఘ శుద్ధ దశమి గురువారం నాడు, మధ్యాహ్నం దాటి మూడు ఘడియలైన వేళ, మంత్రసాని పేరంటాలు కోట వంటశాల పక్కగా కొలువుకూటానికి నడుస్తోంది. డెబ్బై దాటిన మనిషి. నడుము వంగలేదు గానీ అడుగు నెమ్మదించింది. భుజాన జనపనార తాడు చుట్ట ఒకటి. ఆ తాడు పొడుగునా ముడులే.

వంటశాలలో ఆడవాళ్ళు పొయ్యిల్లో బూడిద ఎత్తిపోసి, పేడతో అలికి, ముగ్గు పెడుతున్నారు. పేరంటాలు గుమ్మం దగ్గర ఆగింది.

"రేపటికేనా అమ్మా?"

"రేపటికే అత్తా. ఎల్లుండి పొద్దుటి దాకా మా చేతులకు విశ్రాంతి" అంది ఒకామె.

పేరంటాలు ఆ అలికిన పొయ్యిల వంక కాసేపు చూసి, మనసులోనే నరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని కదిలింది.

ఆమె వచ్చిన పని చిన్నది కాదు. ముందురోజు ఊళ్ళో దండోరా వేశారు. ప్రభువులవారు ఆరుగురు వైద్యులనూ, రోజుకు ముప్ఫై బళ్ళ మంచినీళ్ళనూ దయచేయిస్తున్నారు, జనం లెక్కను బట్టి పేటపేటకూ పంపకం అని. సాలెపేటకు వచ్చింది, కుమ్మరిపేటకు వచ్చింది. ఉప్పుపాలేనికి మాత్రం రాలేదు.

అరవై రెండు గడపల పాలెం అది. చుట్టూ ఉప్పుమళ్ళు. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. ఆ నీళ్ళు తాగే తల్లుల బిడ్డలు ఇరవై ఒక్క రోజులు నిండకుండానే పోతున్నారు. పేరంటాలు మనవరాలు సీతాలుకు పోయిన ఏడు అదే జరిగింది. ఇప్పుడు ఆ పిల్లకు మళ్ళీ నెలలు నిండాయి. ఇవాళో రేపో అన్నట్టుంది.

కొలువులో మల్లభూపతి మహారాజు మీసం సవరించుకుంటూ కూర్చున్నాడు. ఆయనకు బిరుదులంటే మహా ఇష్టం. ఉన్నవి పద్దెనిమిది. పంతొమ్మిదోది 'నిరామయ చక్రవర్తి', అంటే రోగమన్నదే లేని రాజ్యాన్ని ఏలేవాడని. ఆ మాట చెక్కడానికి నిలువెత్తు నల్లరాయి సభ మధ్యలో నిలబెట్టారు. శిల్పి ఉలి పట్టుకుని ఆజ్ఞ కోసం చూస్తున్నాడు.

మంత్రి సోమయ ప్రెగ్గడ తాటాకుల కట్ట విప్పి చదువుతున్నాడు.

"రాజ్యమంతా కలిపి నూటికి పదిమంది పసివాళ్ళే పురిటినెలలో పోతున్నారు ప్రభూ. పొరుగు రాజ్యంలో పాతిక. ఈ లెక్క తేల్చడానికి నేను కనిపెట్టిన పద్ధతి లోకంలో మరెక్కడా లేదు."

"మరెక్కడా లేదు" అన్నాడు రాజు, తానే కనిపెట్టినట్టు.

"దొరా, ఉప్పుపాలెం పేరు చదవలేదు" అంది పేరంటాలు వెనకనుంచి.

ప్రెగ్గడ ఒక ఆకు తిప్పి చూశాడు. "ఉప్పుపాలెం. ఇళ్ళున్నాయి, మనుషుల్లేరు. జనం సున్న."

"నేను అక్కణ్ణుంచే వచ్చాను బాబూ."

"నువ్వు ఎక్కణ్ణుంచి వచ్చావో నాకెందుకు? ఆకులో ఉన్నది చెబుతున్నాను." ప్రెగ్గడ సభ వైపు తిరిగాడు. "తెల్లవారుతుండగా లేఖకుడు ఎత్తైన చోట నిలబడతాడు. పొగ లేచిన కప్పులు లెక్కపెడతాడు. పొగ ఉంటే పొయ్యి, పొయ్యి ఉంటే సంసారం, సంసారానికి ఐదుగురు. గడపగడపా తొక్కి కాళ్ళు మాపుకునే పని లేదు. మీ పాలెం మీద మూడు రోజులు వరసగా చూశారు. ఒక్క పొగ లేవలేదు."

"వేగుచుక్క పొడిచేసరికి మేం ఉప్పుమళ్ళలో ఉంటాం. ఎండ ముదరకముందే పని కానివ్వాలి. పొద్దున పొయ్యి రాజేసే తీరిక మాకెక్కడిది? చద్దన్నం మూట కట్టుకుని పోతాం."

"చద్దికి పొగ రాదు. పొగ రానిది పద్ధతిలో ఇమడదు."

"మరి పోయిన మా పిల్లలు, మీ నూటికి పదిలో ఉన్నారా?"

"మనుషులే లేని ఊళ్ళో పిల్లలెలా పోతారు?"

సభ నవ్వింది. రాజూ నవ్వాడు. పేరంటాలు నవ్వలేదు. భుజాన ఉన్న తాడు దించి నేల మీద పరిచింది.

"ఇది నా లెక్క. ఈ చేతుల్లో పడిన ప్రతి బిడ్డకూ ఒక ముడి. పురిటినెల దాటకుండా పోతే ఆ ముడికి మసి పూస్తాను. ఏ పేటకు ఆ పేట పాయ వేరు. పోయిన ఉగాది నుంచి సాలెపేటలో ఇరవై ముడులు, రెండు నల్లవి. కుమ్మరిపేటలో ఇరవైకి మూడు. ఉప్పుపాలెంలో ఇరవైకి పదకొండు. మీరు ముందు మమ్మల్ని తీసేశారు. మిగిలినవాళ్ళందరినీ ఒకే గుండిగలో పోసి రుచి చూశారు. బాగానే ఉంటుంది ప్రెగ్గడగారూ. ఎవరింట్లో ఏడుపు ఉందో మాత్రం తెలియదు."

రాజుకు కోపం వచ్చింది. "ముసలిదానా, గంటంతో రాసిన ఆకుల మీదికి తాడు పట్టుకుని వచ్చావా?"

"ఒక్క పరీక్ష అడగడానికి వచ్చాను దొరా. రేపు తెల్లవారగానే ఇదే పద్ధతిలో, ఇసుమంత కూడా మార్చకుండా, ఈ కోటను లెక్కపెట్టించండి. కోటలో ఉన్నవాళ్ళు ఉన్నట్టు తేలితే, మా పాలెంలో ఎవరూ లేరని నేనే ఒప్పుకుంటాను. మావాళ్ళను తీసుకుని రాజ్యం దాటిపోతాను."

"తేలకపోతే?"

"అప్పుడు మాట్లాడుకుందాం."

ప్రెగ్గడ మీసం కింద నవ్వుకున్నాడు. కోటలో నాలుగు వందల మంది ఉన్నారు, వంటశాల పొగ మూడు కోసుల దూరానికి కనబడుతుంది. "రేపు వచ్చిన లెక్కే రాజ్యపు లెక్క" అని ఆకు మీద రాసి ముద్ర వేశాడు.

"ఆ లెక్కనే రాతి మీద మొదటి వరసగా చెక్కండి" అన్నాడు రాజు.

పొద్దు వాలే వేళకు ఇల్లు చేరిన పేరంటాలు జరిగింది చెబితే, సీతాలు పడక మీంచి లేవబోయింది.

"రాజ్యం దాటడమా? ఈ కడుపుతోనా అమ్మమ్మా?"

"మనమెందుకు దాటుతామే. నువ్వు కాళ్ళు చాపుకుని పడుకో" అంది పేరంటాలు.

శుక్రవారం తెల్లవారింది. కోట ఉత్తరపు బురుజు మీద రాజు, ప్రెగ్గడ, లేఖకుడు బాపన్న, శిల్పి, పేరంటాలు నిలబడ్డారు. కింద కుమ్మరిపేటలో పొగలు లేచాయి. సాలెపేటలో లేచాయి. బాపన్న కోట వైపు తిరిగి, కళ్ళు చికిలించి చూసి, గంటం ఎత్తి ఆగిపోయాడు.

కోట మీద ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

ఆవేళ ఏకాదశి. ఏకాదశి నాడు కోటలో పొయ్యి రాజేయకూడదని రాజుగారి తల్లి ఏనాడో కట్టుబాటు చేసింది. రాణివాసం మొదలు ద్వారపాలకుల వరకూ అందరూ ఉపవాసం. రాజుగారు తులసి తీర్థం తప్ప ముట్టలేదు. ప్రెగ్గడ ఇంట్లోనూ అంతే. ఏకాదశి వస్తోందని ముందురోజే అందరికీ తెలుసు. ఏకాదశికి పొగ ఉండదన్న సంగతే ఒక్కరికీ తట్టలేదు.

"చదువు నాయనా" అంది పేరంటాలు మెల్లగా.

"రాజమందిరం, పొగ లేదు, సున్న" అన్నాడు బాపన్న. "అంతఃపురం, సున్న. కాపలావారి ఇళ్ళు, సున్న. ప్రెగ్గడగారి..." అని మాట మింగేశాడు.

"పద్ధతి పద్ధతే బాపన్నా, మొహమాటపడకు" అంది పేరంటాలు.

"ప్రెగ్గడగారి ఇల్లు, సున్న. ఏనుగుల సాలలో మాత్రం ఒక పొగ ఉంది ప్రభూ. ఏనుగులకు ఉపవాసం లేదు, ముద్ద ఉడుకుతోంది. ఒక సంసారం. వెరసి కోటలో జనం ఐదుగురు."

శిల్పి పాపం అమాయకుడు. "ఏం చెక్కమంటారు ప్రభూ? కోటలో ఐదుగురనేనా? చెక్కించినవారి పేరు ఏమని వేయను? లెక్కలో ప్రభువులవారు లేరు కదా" అన్నాడు.

"ఇవాళ పర్వదినం. ఇది లెక్కలోకి రాదు" అన్నాడు ప్రెగ్గడ గబగబా.

"పొద్దుటి పూట మాకు ఏడాది పొడుగునా ఏకాదశే బాబూ. మీరు పుణ్యానికి పొయ్యి మానారు. మేం పనికోసం మానాం. పైనుంచి చూసేవాడికి ఆ తేడా కనబడిందా?"

రాజు మొహం ఎర్రబడింది.

"అయితే నేను లేనంటావా?"

"ఆకులో లేరు దొరా. నా తాడులో ఉన్నారు." పేరంటాలు తాడు విప్పుకుంటూ పోయి పాతబడిన కొస దగ్గర ఆగింది. పట్టుదారం చుట్టిన ముడి ఒకటి చూపించింది. "ముప్ఫై నాలుగేళ్ళ కిందట వేసింది. కడుపులో అడ్డం తిరిగి ఉన్నారు. ఎంత బుజ్జగించినా మాట వినలేదు. చివరికి ఈ చేతులే తిప్పాయి. బిడ్డ దక్కాడని ఆ పూట తమ తల్లిగారూ నేనూ కలిసి ఏడ్చాం. ఇప్పుడు తమరే చెప్పండి. ఆకు ఉంచుకుంటే తమరూ లేరు, మేమూ లేము. తాడు ఉంచుకుంటే ఇద్దరమూ ఉన్నాం."

రాజు ఆ ముడిని వేళ్ళతో తడిమాడు. ఆ తరవాత ఆయన భుజాలు కదిలాయి. నవ్వు మొదలైంది. ఉపవాసపు కడుపు పట్టుకుని మరీ నవ్వాడు.

"అప్పుడూ నువ్వే తిప్పావు, ఇప్పుడూ నువ్వే తిప్పావు" అని మెడలోని ముత్యాల దండ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇంకేం కావాలో అడుగు."

"ఈ పాయలో నల్ల ముడి ఇంకొకటి పడకూడదు దొరా. అంతే."

రాజు అక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. కోట వైద్యుడు ఆ మధ్యాహ్నమే పాలేనికి వెళ్ళాలి. రోజుకు పది బళ్ళ మంచినీళ్ళు వెళ్ళాలి. లెక్క మళ్ళీ మొదలు పెట్టాలి. ఏ పేటకు ఆ పేట వేరుగా, గడపగడపకూ వెళ్ళి, మనిషిని చూసి రాయాలి. ఉప్పుపాలేనికి ప్రెగ్గడే స్వయంగా వెళ్ళాలి.

"మరి రాయి ప్రభూ?" అన్నాడు శిల్పి.

"పాలెంలో నీళ్ళ తొట్టి దగ్గర పరిపించు. బిందెలు దించుకోవడానికి పనికొస్తుంది."

శనివారం ద్వాదశి. తెల్లవారేసరికి పాలెం మీద ఒకే ఒక్క పొగ లేచింది, పేరంటాలు ఇంటి మీద. పాదరక్షలు చేత్తో పట్టుకుని, మోకాలి దాకా ఉప్పుబురదతో, బాపన్నను వెంటబెట్టుకుని వచ్చిన ప్రెగ్గడ అలవాటుకొద్దీ "ఒక సంసారం" అన్నాడు.

"అది వంట కాదు బాబూ. బండి మీద వచ్చిన మంచినీళ్ళు కాగుతున్నాయి. సీతాలుకు నొప్పులు మొదలయ్యాయి" అంది పేరంటాలు. బాపన్నకు చద్దన్నం, ఉల్లిపాయ పెట్టించింది. ప్రెగ్గడకు చల్ల ఇప్పించింది. ఆ తరవాత, పురుడని ఆవేళ పనికి పోని ఇంట్లోవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి పేర్లు చెప్పింది. బాపన్న తొమ్మిది పేర్లు గీసి ఆకు మడవబోయాడు.

"కాస్త చోటు ఉంచు నాయనా" అని ఆమె లోపలికి వెళ్ళింది.

ఎండ చూరు దిగి గడప మీదికి వచ్చేసరికి లోపల బిడ్డ ఏడ్చింది. గట్టి ఏడుపు. వైద్యుడు బయటికి వచ్చి తల ఊపాడు. పేరంటాలు చేతులు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, తాడుకు ఒక ముడి వేసింది. "ఆడపిల్ల. రాసుకో" అంది.

బాపన్న పదో పేరు చోట గీత గీశాడు. తాటాకు మీద గంటం గీసిన గీత మసి రుద్దితే గానీ కనబడదు. "అమ్మా, కాస్త మసి ఉందా?" అని అడిగాడు.

పేరంటాలు గూట్లోంచి మసి గిన్నె తీసి అతని చేతిలో పెట్టింది.

"గిన్నెతో సహా తీసుకుపో నాయనా. తిరిగి తేవద్దు."