కొండచీపురు నూగు

ఒకప్పుడు కొండమీది గడ్డి మొక్కలన్నీ ఒక్కలాగే ఉండేవి. అదే సన్నటి ఆకు, అదే నిటారు కంకి. ఏది ఏ గడ్డో కొండకే తెలిసేది కాదు, ఇక మనుషులకేం తెలుస్తుంది?

మనుషులు ఇంటి కప్పుకని దొరికిందల్లా కోసుకుపోయేవారు. కప్పుగడ్డికి బాధ లేదు, కోసినకొద్దీ మొలిచేది. చీపురుగడ్డికి మాత్రం గింజ ముదిరి రాలితేనే పిల్లలు. ముదరకముందే కోసేస్తుంటే ఏటేటా తగ్గిపోయి, చివరికి ఒకే ఒక్క దుబ్బు మిగిలింది.

ఓ పొద్దున గురుబారి అవ్వ కొడవలితో అటే వచ్చింది.

"అవ్వా, నన్ను కొయ్యకు! నేను చీపురుగడ్డిని!" అని అరిచింది దుబ్బు.

పక్కనున్న కప్పుగడ్డి తుంటరిది. "నేనూ చీపురుగడ్డినే!" అంది. దాని పక్కదీ అదే మాట. కొండంతా అదే మాట.

అవ్వకి ఒళ్లు మండింది. "ఏటర్రా ఇది! అందరూ చీపుర్లే అయితే నా ఇంటికేటి కప్పాల? రేపొత్తాను. గురుతు లేనోళ్లని కోసేత్తాను" అనేసి వెళ్లిపోయింది.

దుబ్బుకి భయం వేసింది. పైనున్న వెదురుని కేకేసి, "మావా, ఒక్క గుర్తు ఇయ్యవా?" అని అడిగింది.

"నా ఆకు తీసుకో. నా కాండంలో బోలు మాత్రం అడక్కు" అంది వెదురు.

మర్నాడు అవ్వ ఆ వెడల్పాకు చూసి, "వెదురు పిలకే! తడిక్కి పనికొత్తాది" అని కొడవలి ఎత్తింది!

దుబ్బు తల పక్కకి వాల్చి, పచ్చి గింజల్ని దాచుకోబోయింది. ఆ కంకి అవ్వ చేతిమీద పడింది. ఉడుత తోకలా మెత్తగా ఉంది, నిండా పచ్చి గింజలు. అవ్వ కాండం నొక్కి చూసింది. లోపల బోలు లేదు.

"వెదురు కాదే! కడుపుతో ఉన్నావేటే తల్లీ?" అంది. ఆరుగురిని కన్న అవ్వకి ఇట్టే తెలిసిపోయింది. కొడవలి దించేసింది.

"గింజ ముదిరేదాకా ముట్టను. ముదిరాక కంకులియ్యి, ఇల్లూడ్చుకుంతాను. దుబ్బు జోలికి రాను."

"ఇస్తాను. కానీ నువ్వెక్కడికి తీసుకెళ్తే అక్కడ గింజలు చల్లుకుంటాను."

"సల్లుకోయే!"

అప్పటినుంచే కొండచీపురుకి వెదురులాంటి ఆకు, బోలు లేని కాండం, పక్కకి వాలిన మెత్తటి కంకి. కొత్త చీపురుతో ఊడిస్తే ఇల్లంతా గింజల నూగు రాలడమూ అప్పటినుంచే. "ఊడ్చినకొద్దీ చెత్తే!" అని మీ అమ్మ విసుక్కుంటుంది. చీపురు మాత్రం సిమెంటు గచ్చుమీద కూడా పిల్లల్ని మొలిపించాలని చూస్తూనే ఉంటుంది.