చెంగల్రాయుడు దిద్దిన ముఖాలు

అనగా అనగా, ఫొటోలను గాజు పలకల మీద తీసే రోజుల్లో, పసిడివాగు అనే ఊళ్లో చెంగల్రాయుడు అనే ఫొటోగ్రాఫరు ఉండేవాడు. ఆయనలో ఒక మంచి గుణం ఉంది. తన గొప్పతనాన్ని ఎవరి దగ్గరా దాచేవాడు కాదు. ఉన్నదాన్ని దాచుకోవడం పిసినారితనమనీ, తాను పిసినారి కాదనీ ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. వినేవాడు దొరకనిరోజు కెమెరాకు చెప్పేవాడు.

పసిడివాగు రాజ్యానికి కొట్టకొసన ఉంది. ఏడాది కిందట అక్కడ ముళ్లపొదలు తప్ప ఏమీ లేవు. వాగు ఇసకలో బంగారం మెరిసిందన్న మాట పుట్టగానే, నాలుగు దిక్కుల నుంచీ జనం పలుగూ పారా పట్టుకుని వచ్చిపడ్డారు. ముందు గుడారాలు లేచాయి. వాటి వెనక దోసెల అంగళ్లు లేచాయి. వాటి వెనక ఫొటో స్టూడియో లేచింది.

స్టూడియోలో చెంగల్రాయుడి భాగస్వామి దస్తగిరి. ముందుగది చెంగల్రాయుడిది, చీకటిగది దస్తగిరిది. ఒకరు తీసేవారు, ఒకరు కడిగేవారు. ఇద్దరి పేర్లతో బోర్డు రాయించారు కానీ, చెంగల్రాయుడు తన పేరును తన స్థాయికి తగ్గట్టు రాయించేసరికి చెక్క అయిపోయింది. దస్తగిరి పేరులో 'దస్త' వరకే పట్టింది.

"గిరి ఏమైందన్నా?" అన్నాడు దస్తగిరి.

"చీకటిగదిలో ఉండే మనిషివి. బయట అంత కనబడక్కర్లేదులే."

దస్తగిరి నవ్వుకుంటూ చీకటిగదిలోకి వెళ్లిపోయాడు.

ఆ ఊళ్లో గొడవలెక్కువ. ఒకడు తవ్వుకున్న గుంతలో తెల్లారేసరికి ఇంకొకడు కూర్చునేవాడు. సాక్షిని పిలిస్తే, వాడికెదురు నలుగురు సాక్షులు లేచేవారు. విసిగిపోయిన రాజుగారు దండోరా వేయించారు. "గుంతకో నంబరు. నంబరుకో ఫొటో. ఫొటో ఎవరిదైతే గుంత వారిది. ఇక సాక్షుల మాట చెల్లదు. ఫొటోలో మోసం చేసినవాడి దుకాణానికి తాళం!"

మర్నాటి నుంచి స్టూడియో ముందు బారులు తీరారు.

మొదట వచ్చినవాడు ఓబులేసు, నలభై ఒకటో గుంతవాడు. ఎడ్లజత అమ్మి పలుగు కొనుక్కుని వచ్చాడు. ముఖం నిండా అమ్మవారి మచ్చలు. రెండోవాడు మారెయ్య, బుగ్గలు రెండూ లోపలికి పోయినవాడు. మూడోవాడు తిప్పన్న. అతని నుదుటి మీద ఎన్ని గీతలున్నాయో వాగులో కూడా అన్ని పాయలు లేవు.

చెంగల్రాయుడి మనసు ఒప్పలేదు. గాజు పలక మీద పడిన బొమ్మను సన్నని పెన్సిలుతో దిద్దితే, కాగితం మీదికి వచ్చేసరికి మచ్చలూ గుంటలూ మాయమవుతాయి. ఈ విద్య ఆయనకు ఎవరూ నేర్పలేదు. తనంతట తానే నేర్చుకున్నాడు. అందువల్ల ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్లు లేకపోయారు. ఓబులేసు మచ్చలు పోయాయి. మారెయ్య బుగ్గలు నిండాయి. తిప్పన్న నుదురు పలకలా నున్నబడింది.

"అన్నా, ఇది నేనేనా?" అని ఓబులేసు నోరు తెరిచాడు.

"నువ్వే. కాకపోతే కొంచెం శ్రద్ధగా చేసిన నువ్వు."

చీకటిగదిలోంచి దస్తగిరి తల బయటికి వచ్చింది. "అన్నా, ఈ ఫొటో పోయేది సర్కారు ఆఫీసుకు. పెళ్లిచూపులకు కాదు. రేపు ముఖం కలవకుంటే ఎట్ల?"

"నీకు కళ తెలీదు దస్తగిరీ. దేవుడు తొందరలో ఉండి వదిలేసిన పని, నేను తీరిగ్గా పూర్తి చేస్తున్నా."

అంతటితో ఆగాడా? ఓబులేసు ఫొటో చాలా బాగా కుదిరిందని ఒకటి పెద్దది చేసి స్టూడియో గుమ్మంలో తగిలించాడు. కింద 'నలభై ఒకటో గుంత ఓబులేసు' అని రాశాడు. దారిన పోయేవాళ్లంతా నిలబడి చూసేవారు.

అలా చూసినవాళ్లలో ఇద్దరు అందగాళ్లు ఉన్నారు. ఇద్దరూ సోమరులే.

కొన్నాళ్లకు నలభై ఒకటో గుంతలో బంగారు చార బయటపడింది. అదే వారంలో ఓబులేసుకు చలిజ్వరం పట్టుకుంది. బండెక్కి సొంతూరు పోయి, మూడు నెలలకు లేచి, భార్య తిరుపాలమ్మను వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. తీరా చూస్తే గుంత దగ్గర ఇద్దరు కొట్టుకుంటున్నారు.

"నేను ఓబులేసును!" అంటాడు ఒకడు.

"కాదు, నేను!" అంటాడు ఇంకొకడు.

"మరి నేనెవరు?" అన్నాడు ఓబులేసు పాపం.

అప్పుడే గుంతలు చూడటానికి ఊళ్లోకి వచ్చిన రాజుగారి ముందు ముగ్గురినీ నిలబెట్టారు. రాజుగారు ఆఫీసు ఫొటో చేతిలో పట్టుకుని ముగ్గురినీ చూశారు. మొదటివాడు కొంచెం కలిశాడు. రెండోవాడు ఇంకొంచెం కలిశాడు. మచ్చల ముఖం మాత్రం ఏ మూలా కలవలేదు.

"ఈ ఇద్దరిలో ఎవరో తరవాత తేలుస్తాం. ఈ మూడోవాడు దొంగ. పొలిమేర దాటించండి," అన్నారు.

తిరుపాలమ్మ గొల్లుమంది. "అయ్యా, నా మొగుడు ఈయన! నాకు తెలీదా?"

"సాక్షుల మాట చెల్లదమ్మా. ఫొటో తీసినవాణ్ని పిలవండి."

చెంగల్రాయుడు వచ్చాడు. వెనకాలే చంకలో గుడ్డమూట పెట్టుకుని దస్తగిరి వచ్చాడు.

"ఈ ముఖం ఉన్నది ఉన్నట్టు తీసిందేనా?" అని రాజుగారు అడిగారు.

చెంగల్రాయుడికి తాళంకప్ప కళ్లముందు కదిలింది. "కెమెరా అబద్ధం చెప్పదు మహారాజా," అన్నాడు.

"కెమెరా సంగతి కాదు, నీ సంగతి అడుగుతున్నా. ఉన్నది ఉన్నట్టేనా?"

"మహారాజా, వెలుతురు ఒక్కోరోజు ఒక్కోరకంగా పడుతుంది..."

చెమట కారి మీసాల్లో దిగింది. దస్తగిరి ఏమైనా అంటాడేమోనని వెనక్కి చూశాడు. దస్తగిరి చంకలోని మూటను ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు.

అప్పుడు ఓబులేసే చేతులు జోడించాడు. "దొరా, ఈ అన్నను ఏమీ అనొద్దండి. నా ముఖం చూసి చిన్నప్పటి నుంచి అందరూ తల పక్కకు తిప్పుకున్నోళ్లే. ఈ అన్న ఒక్కడే ఇంత అందంగా చూసినాడు. గుంత పోతే పోనీ. ఆయన అంగడికి తాళం వద్దు."

చెంగల్రాయుడికి చెంప మీద కొట్టినట్టయింది. అందంగా చూశాడా తాను? అసలు ఆ ముఖాన్ని తాను ఎప్పుడు చూశాడు? చూసింది మచ్చలను. చూసుకుంది తన పెన్సిలును.

"మూడోసారి అడుగుతున్నా," అన్నారు రాజుగారు.

"కాదు మహారాజా. ఉన్నది ఉన్నట్టు కాదు. నేను దిద్దాను. ఇతనే ఓబులేసు. నా దుకాణానికి తాళం వేయించండి, ఇతని గుంత ఇతనికి ఇప్పించండి."

సభలో గోల లేచింది. రాజుగారు చెయ్యెత్తారు. "ఇదీ నీ నోటి మాటే కదా. రుజువేది?"

దస్తగిరి మూట విప్పాడు. అందులో ఓబులేసు గాజు పలక, పెన్సిలు గీతలు తుడిచే టర్పెంటైను సీసా, మెత్తటి గుడ్డ, ఫొటో కాగితం ఉన్నాయి.

"ముందే తెచ్చినావా? మరి నోరు తెరవలేదేం?" అని గొణిగాడు చెంగల్రాయుడు.

"దిద్దిన చెయ్యి నీది. తుడిచే చెయ్యీ నీదే కావాలని ఆగినానన్నా. ఇంకొక్క క్షణం చూసి నేనే చెప్పేసేవాణ్ని."

చెంగల్రాయుడు గుడ్డ తడిపి, తాను మూడు రోజులు కూర్చుని గీసిన గీతలను మూడు తుడుపుల్లో తుడిచేశాడు. పలక కింద కాగితం పెట్టి ఎండలో ఉంచారు. జనం చుట్టూ మూగారు. తెల్లటి కాగితం మెల్లగా గోధుమరంగు తిరిగింది. ముక్కు వచ్చింది. మీసం వచ్చింది. ఆ తరవాత బుగ్గ మీద ఒక మచ్చ, గడ్డం మీద ఒక మచ్చ, కనుబొమ మీద ఇంకోటి.

"అదిగో, నా మొగుడు!" అని తిరుపాలమ్మ అరిచింది. ఒక్కొక్క మచ్చ తేలుతుంటే పోయిన నగ దొరికినట్టు వేలుపెట్టి చూపించింది.

అందగాళ్లిద్దరి కోసం చూస్తే, పొలిమేర వైపు దుమ్ము లేస్తోంది.

రాజుగారు ఓబులేసు చేతిలో గుంత పట్టా పెట్టారు. చెంగల్రాయుడి వైపు తిరిగారు. "మోసం చేశావు. కానీ చెప్పావు. తాళం వెయ్యను. ఎంతమంది ముఖాలు దిద్దావో అన్నీ తుడిచి, ఎవరి ముఖం వారికి తిరిగిచ్చెయ్."

చెంగల్రాయుడు అంతసేపూ బిగబట్టిన ఊపిరి వదిలాడు. ఆ ఊపిరికి దస్తగిరి చేతిలోని ఫొటో కాగితం రెపరెపలాడింది.

"మెల్లగా అన్నా," అన్నాడు దస్తగిరి, "ఓబులేసు మళ్లీ ఎగిరిపోగలడు."

నెలరోజులు ఇద్దరూ కలిసి పలకలు తుడిచారు. మారెయ్య బుగ్గలు లోపలికి పోయాయి. తిప్పన్న గీతలు వెనక్కి వచ్చాయి. ఆఫీసులో ఇక ముఖాల గొడవ రాలేదు. అటుపైన గుమ్మంలో ఓబులేసు, తిరుపాలమ్మ పక్కపక్కన కూర్చుని దిగిన ఫొటో వేలాడింది. దాని మీద పెన్సిలు మోపలేదు.

దాని పక్కనే చెంగల్రాయుడు తన ఫొటో కూడా ఒకటి తగిలించాడు. అందులో ఆయనకు తల నిండా జుట్టుంది. ఊళ్లో ఆ జుట్టును చూసినవాళ్లు ఎవరూ లేరు.

మనిషిని ఉన్నవాణ్ని ఉన్నట్టు చూడటమే అతనికి మనం చేసే మర్యాద; చెంగల్రాయుడు ఊరందరి విషయంలో ఇది నేర్చుకున్నాడు, తన విషయంలో మాత్రం ఇంకా నేర్చుకోలేదు.